ఇల్లు తడిపిన కుక్క : పద్దు ఎవరి ఖాతాలో?

కుక్కను ఇంటిలోపల పెంచుకొనువారికి ఒక చిక్కు తప్పదు. ఎప్పుడో ఒకనాడు అది గచ్చుమీదనో, పరుపుమీదనో, కొత్తగా పరచిన తివాచీమీదనో మూత్రము విడుచును. విషయము చెప్పుకొనుటకు చిన్నది, సభలో ఉపన్యసించుటకు తగనిది. ఐనను ఆ తడి కనబడిన అయిదు నిమిషములలో ఇంటివారు చేయు పనులను చూచినయెడల వారి అహింస ఎంతవరకు నడచివచ్చి ఎక్కడ ఆగినదో తెలిసిపోవును. చీమలబారు కనబడినచో అడుగు ప్రక్కకు వేయు మనిషి, అదే దినమున కుక్క ముక్కును పట్టి మూత్రములో రాయును. చాతుర్మాస్యములో ఆకుకూర మానిన ఇంటిలో, రాత్రి తడపకుండుటకని కుక్కకు సాయంత్రమునుండియే నీళ్లు ఆపుదురు. వీరెవ్వరును చెడ్డవారు కారు. దానికి బుద్ధి చెప్పుచున్నామని నమ్మియే చేయుదురు.

తత్త్వార్థసూత్రములో శ్రావకుని అహింసావ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడియున్నవి. కట్టివేయుట, కొట్టుట, అవయవములను ఖండించుట, మోయలేని బరువు వేయుట, అన్నపానములను ఆపుట. బండియెద్దులు, గుఱ్ఱములు, గాడిదలు ఇంటింట ఉన్న కాలములో ఈ అయిదును వర్తకునికి నిత్యము ఎదురుపడెడివి. ఇప్పుడు సరుకు లారీలో వచ్చుచున్నది, ఎద్దు లేదు, గానుగ లేదు. కావున ఆ జాబితా తమకు సంబంధించినది కాదని చాలమంది అనుకొందురు. కాని ఇల్లు తడిపిన కుక్కకు జరుగునదేమి? మేడమీది కటకటాలకు పొట్టి గొలుసుతో కట్టివేయుదురు. మడిచిన పేపరుతో, చేతికి దొరికిన చెప్పుతో కొట్టుదురు. నీళ్లు ఆపుదురు. అయిదింటిలో మూడు ఒక్క పూటలోనే జరిగిపోవును. బరువు మోయించుట కుక్క విషయమున లేదు. అవయవచ్ఛేదము సంగతి ముందు రాగలదు.

లోకములోని చట్టము కూడ ఇంచుమించు ఈ మాటలే పలుకుచున్నది. రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభలో పట్టుబట్టి కదలించిన పిమ్మట 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టములో కొట్టుట, చాలసేపు పొట్టి గొలుసుతో కట్టియుంచుట, తిండియు నీరును పెట్టకపోవుట, వదలిపెట్టి పోవుట, ఇవి అన్నియు నేరములుగా చేర్చబడినవి. మొదటి నేరమునకు ఆ చట్టములో వ్రాసిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయల వరకు. ఆ భయముచేత ఎవడును చేయి దించడు. కనుక ఈ విషయము కచేరీలో తేలునది కాదు, ఇంటిలోనే తేలవలెను.

కొట్టువారు చెప్పుకొను సమాధానము ఒకటి గలదు. “దానికి తెలియును. తెలిసియే చేసినది. యజమాని గుమ్మములోనికి రాగానే చెవులు వెనుకకు వాల్చి, చూపు తప్పించి, తోక ముడుచుకొని మూల చేరినది కాదా? తప్పు చేయనివాని ముఖము అట్లుండునా?” వినుటకు ఇది గట్టి సాక్ష్యమువలె తోచును. తెలిసి చేసినదైతే దండన న్యాయమే కదా అని మనస్సు సమాధానపడును.

ఈ సాక్ష్యమును 2009లో న్యూయార్కు బర్నార్డు కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను విదుషి పరీక్షించి ప్రకటించినది. 14 కుక్కలతో ఆమె చేసిన ఏర్పాటు సులభమైనది. యజమాని ఒక తినుబండారమును ముందుంచి, ముట్టవద్దని చెప్పి గదినుండి వెళ్లిపోవును. కొన్నిసార్లు కుక్క దానిని తినును, కొన్నిసార్లు తినదు. తిరిగివచ్చిన యజమానికి జరిగినది ఒక్కొక్కమారు నిజముగాను, ఒక్కొక్కమారు తారుమారు చేసియు చెప్పుదురు. తిన్నదని విన్న యజమాని కోప్పడును. ఫలితమేమనగా, ఆ దోషి ముఖమునకును కుక్క తిన్నదా లేదా అను దానికిని సంబంధము లేదు. యజమాని కోప్పడినచో ఆ ముఖము వచ్చినది, కోప్పడనిచో రాలేదు. ఏమియు ముట్టకుండ చెప్పినట్లు విన్న కుక్కను కోప్పడినపుడు ఆ ముఖము ఇంకను ఎక్కువగా కనబడినదట. అనగా మనుష్యుడు నేరము ఒప్పుకొనుట అని చదువుకొన్నది నిజమునకు తన కోపమునకు తాను చూచుకొన్న అద్దము.

కుక్క జ్ఞాపకము లేని జంతువు కాదు. కాని మూడు గంటల క్రిందట తాను చేసిన పనిని, ఇప్పుడు పడుచున్న దెబ్బను కలిపి చూచుకొను శక్తి దానికి లేదు. చేసిన క్షణముననే జరిగినది మాత్రమే దానికి ఆ పనితో ముడిపడును. ఉగాదినాడు జరిగిన పొరపాటునకు దీపావళినాడు, ఏ పొరపాటో చెప్పకుండ, గుమాస్తా జీతము కోసినచో వాడు ఏమి నేర్చుకొనును? యజమాని దీపావళికి మండిపడును అని నేర్చుకొనును. కుక్క కూడ అట్లే, తడియు యజమానియు ఒకచోట ఉన్నయెడల తనకు ముప్పు అని నేర్చుకొనును. అటుపిమ్మట మంచము క్రిందికో బీరువా వెనుకకో పోయి విడుచును. వీధిలోనికి తీసికొనిపోయినను మనిషి చూచుచుండగా విడువదు. దానిని చూచి ఇంటివారు ఎంత దొంగబుద్ధి అందురు.

ఇంతకంటె కష్టమైనది మరియొకటి గలదు. కొన్ని కుక్కలు, ముఖ్యముగా పిల్లలును పిరికివియు, మనిషి మీదికి వంగినప్పుడు గాని గొంతు పెంచినప్పుడు గాని నేలకు అణగి, ఒక్కొక్కప్పుడు వెల్లకిల పడి, నాలుగు చుక్కలు విడుచును. అది నిర్లక్ష్యము కాదు, అలవాటు తప్పుట కాదు. నీవు పెద్దవాడవు, నేను లొంగితిని, నన్నేమియు చేయవద్దు అని కుక్కజాతి తమలో తాము చెప్పుకొను విధానమది. చిన్న కుక్క పెద్ద కుక్కకు అట్లు చేసినచో పెద్దది వాసన చూచి వదలివేయును. మనుష్యుడు మాత్రము ఆ క్షమాపణను చూచియే మరల కొట్టును. కొట్టినకొలది అది మరింత విడుచును, విడిచినకొలది దెబ్బలు పెరుగును. సంవత్సరమునకొకమారు క్షమాపణదినమున ఎదురైనవారినెల్ల మన్నింపు కోరు ఇండ్లలో ఇది జరుగుట వింత. ఇట్టి కుక్కకు చేయవలసినది స్వల్పము: దానిమీదికి వంగకుండుట, ప్రక్కగా కూర్చుండి పిలుచుట, తడిని చూడనట్లు ఊరకుండి పిదప తుడుచుట. చాలవఱకు వయస్సుతో పాటు ధైర్యము వచ్చి మానుకొనును.

మరి తప్పు ఎక్కడనో ఉండవలెను కదా. గచ్చు తడిసిన మాట నిజము, తివాచీ చెడిన మాట నిజము. వర్తకుడు నష్టమును పద్దు వ్రాయక మానడు. ఏ ఖాతాలో వ్రాయవలెనన్నదే ప్రశ్న.

వీధికుక్కకు ఈ చిక్కు లేదు. దానికి నాలుగు దిక్కులును తెరచియున్నవి. పుట్టి కన్ను తెరచిన కొద్దివారములకే కుక్కపిల్ల తాను పండుకొను చోటు వదలి దూరముగా పోయి విడుచుటకు ప్రయత్నించును. శుచి అను భావము కాకపోయినను, దానికి దగ్గరిది ఏదో ఆ జాతిలో పుట్టుకతోనే ఉన్నది. మనుష్యుడు దానిని తెచ్చి మూడవ అంతస్తులో ఉంచి తలుపు గడియ వేసినాడు. అది అందుకొనలేని ఎత్తున గడియ ఉన్నది. బయటకు పోవు సమయము, తిండి సమయము, నిద్ర సమయము, అన్నియు ఇంటివారి చేతిలో ఉన్నవి. ఇంటిల్లిపాదియు ఉదయము పెండ్లికి పోయి రాత్రి పదింటికి వచ్చి, తడిని చూచి కుక్కను తిట్టినచో, సరుకు కొట్టులో పెట్టి తాళము వేసికొనిపోయిన యజమాని, లోపల వాన కురిసి తడిసినందుకు మూటలమీద కోపపడినట్లుండును.

హింస అనునది ప్రమాదముతో కూడిన వర్తనమునుండి పుట్టునని ఉమాస్వాతి ఆచార్యులు చెప్పినారు. ప్రమాదమనగా ఇక్కడ అజాగ్రత్త, ఏమరుపాటు. మూత్రము విడిచిన కుక్కయందు ఆ ప్రమాదము వెదకిన దొరకదు. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకొనలేదు. ఎన్ని నెలల వయస్సో సుమారు అన్ని గంటలు, మహా ఐతే మరియొక గంట, అని పెంపకము తెలిసినవారి లెక్క. నిద్ర లేవగానే, తిన్న కొద్దిసేపటికి, ఆడుకొన్న వెంటనే, పడుకొనబోవు ముందు దానిని బయటకు తీసికొనిపోవలెను. ఒకేచోటికి తీసికొనిపోవలెను. విడిచిన ఆ క్షణముననే మెచ్చుకొని చిన్న ముక్క ఏదైన పెట్టవలెను, ఇంటికి వచ్చిన తరువాత కాదు. ఇట్లు ఓపికపట్టినయెడల కొద్ది మాసములలో చాలవఱకు కుదురుకొనును. ఇది తెలియక తెచ్చినవాడు తెలిసికొనవలెను. తెలిసియు తీరిక లేనివాడు తేనేరాదు. బిడ్డ ముచ్చటపడినాడని పుట్టినరోజునకు కుక్కపిల్లను కొని, నెల తిరుగకుండ వాచ్‌మనుకు అప్పగించువారు పట్టణములలో తక్కువమంది కారు.

ఐతే ప్రతి తడియు యజమాని ఏమరుపాటే అనుట కూడ సరి కాదు. మగకుక్క పెరిగిన తరువాత గోడకో కుర్చీకాలికో కాలెత్తి కొంచెము కొంచెము చల్లుట తన సరిహద్దు వ్రాసికొనుట. దానిలో అవసరముకంటె అభిమానము ఎక్కువ. దీపావళి టపాకాయల చప్పుడునకు గడగడలాడి విడుచుట భయము. మహావీరస్వామి నిర్వాణదినమున ఇంటిలో టపాకాయ కాల్చకపోయినను ప్రక్కింటి చప్పుడును ఆపలేరు, కాని ఆ రాత్రి కుక్కను లోపలి గదిలో ఉంచి ఒకరు తోడుండగలరు. ఏండ్లతరబడి శుభ్రముగా ఉన్న కుక్క హఠాత్తుగా ఇల్లు తడుపుటకు మొదలుపెట్టినయెడల అది రోగము. మాటిమాటికి కొంచెము కొంచెము పోయుట, ముక్కుట, ఎఱ్ఱగా వచ్చుట మూత్రాశయపు వ్యాధికి గుర్తులు. నీళ్లు విపరీతముగా త్రాగి విపరీతముగా పోయుట మధుమేహమునకో, మూత్రపిండముల జబ్బునకో గుర్తు కావచ్చును. అట్టి కుక్కకు నీళ్లు ఆపుట దాని ప్రాణమునకే మోసము. పశువైద్యుని దగ్గరకు పోవలసిన కుక్కను కఱ్ఱ దగ్గరకు తీసికొనిపోయినచో, రెండవ అయిదవ అతిచారములు రెండును ఒక రోగిమీద జరిగినట్లగును.

జీవంధరుని కథ తెలియని జైనకుటుంబములు తక్కువ. తమిళదేశములో స్థిరపడినవారు దానిని జీవకచింతామణి పేరున వినియుందురు. యజ్ఞము కొఱకు వండిన ఆహారమును ఒక కుక్క ముట్టి అపవిత్రము చేసినది. కోపించినవారు దానిని చావగొట్టిరి. దారిన పోవు జీవంధరుడు దాని ప్రక్కన కూర్చుండి చెవిలో పంచనమస్కారము వినిపించెను. అది మరణించి సుదర్శనుడను యక్షుడై పుట్టి, తరువాత అతనికి ఎన్నో మేళ్లు చేసినది. కథలో యక్షుని వైభవము అందఱికి గుర్తుండును. గమనింపవలసినది మరియొకటి. ఆహారము చెడిన మాట అబద్ధము కాదు. కొట్టినవారికి నిజముగానే నష్టము కలిగినది. నష్టము ఉన్నంతమాత్రమున నేరము ఉన్నట్లే అని వారు అనుకొనిరి. జీవంధరుడు నష్టమెంత అని లెక్కించుటకు కూర్చుండలేదు.

ఇచ్చట పెద్దవారి అభ్యంతరమును తేలికగా త్రోసివేయరాదు. “పూజగది, వంటిల్లు ఉన్న ఇంటిలో మూత్రము తొక్కుకొని తిరుగుటయా? కోడలికి కుక్కమీద దయ, నామీద లేదా?” అని అత్తగారు అడిగినయెడల అది న్యాయమైన ప్రశ్నయే. మలమూత్రములను ఎక్కడ విడువవలెను, ఎట్లు విడువవలెను అని ఇంత సూక్ష్మముగా విచారించిన ధర్మము లోకములో అరుదు. మునులకు చెప్పిన అయిదు సమితులలో ఒకటి పూర్తిగా ఈ విషయమునకే, ఉత్సర్గ సమితికే, విడువబడినది. కావున శుచిని కోరుట చాదస్తము కాదు. కాని శుచిని కాపాడుటకు కుక్కను కొట్టనక్కరలేదు, దాని దారిని కట్టినచో చాలును. వంటింటికి, పూజగదికి నడుమెత్తు తడిక తలుపు పెట్టించుటకు వడ్రంగికి ఒక పూట పని. పిల్ల నేర్చుకొను దినములలో దానికి ఒక గదియో, వరండాయో ఏర్పరచవలెను. ఇల్లంతయు విడిచిపెట్టి, పిదప ఇల్లంతయు తడిపినదని వగచుట తెలివి కాదు.

తుడుచుటలో కూడ తెలిసికొనవలసినది గలదు. మొదట ఎండుగుడ్డతో అద్ది పీల్చివేయవలెను, రుద్దరాదు. అమోనియా కలిసిన మందులు వాడరాదు, మూత్రమునందు ఉండు వాసనయే దానియందును ఉన్నది గనుక కుక్క మరల అచ్చటికే వచ్చును. ఫినాయిలు ఘాటు మనుష్యుని ముక్కును మాత్రము మోసగించును, కుక్క ముక్కును కాదు. పైగా తడి ఆరకముందే కుక్క దానిమీద నడచి పాదములు నాకినచో విషము. ఎంజైము కలిసిన మందు దుకాణములలో దొరకుచున్నది. అది మూత్రమును విఱిచి వాసన లేకుండ చేయును. తివాచీకి అదే మంచిది.

మఱి ఆ గుడ్డను ఎవరు పట్టుకొనుచున్నారు? సాధారణముగా పనిమనిషి. దయ యజమానిది, కంపు ఆమెది. కుక్కను కొట్టవద్దు పాపము అని సోఫాలో కూర్చుండి చెప్పు అయ్యగారు, రోజునకు నాలుగుమార్లు నడుము వంచు ఆమె జీతములో ఒక్క రూపాయి కలిపినాడా? చేయుట, చేయించుట, చేసినదానిని మెచ్చుకొనుట అని మూడు విధములుగ పాపము అంటునని ఒప్పుకొనువారు, దయ విషయమున మాత్రము ఇంకొకరిచేత చేయించి ఊరకుండుట సరిపోవునా అని విచారింపవలెను. కుక్కపిల్లను అడిగి తెప్పించుకొన్న కుఱ్ఱవాడు మొదటి గుడ్డ పట్టవలెను. వాడు బడికి పోయిన వేళ వాని తండ్రి పట్టవలెను. పనిమనిషికి అప్పగించదలచినచో ముందుగా ఆమె నడిగి, ఆ పనికి వేరుగా కూలి ముట్టజెప్పవలెను.

ఇక వెనుక ఆపి ఉంచిన అవయవచ్ఛేదము సంగతి. ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించుట ఇప్పుడు వాడుక. అది అతిచారమా అని కొందఱు శ్రావకులు సందేహింతురు. సందేహించుట మంచిదే. పుట్టిన పిల్లలను గోనెసంచిలో వేసి చెత్తకుప్పమీద వదలుటకంటె ఇది మేలు. గర్భాశయము చీము పట్టి చచ్చు వ్యాధి కూడ దీనివలన తప్పును. క్రౌర్యముతో కాక జీవరక్షణ కొఱకు మత్తు ఇచ్చి చేయించినదానిని, చెవి కోయుట, తోక నఱుకుట వంటి పనులతో ఒక గాటను కట్టుట సరి కాదు. ఐనను ఖర్చు లేని మేలు ఇది కాదు. ఆపరేషనైన ఆడకుక్కలలో కొన్నింటికి, ముఖ్యముగా పెద్దజాతులలో, కొన్నేండ్లకు మూత్రద్వారమును బిగించు కండరము పట్టు సడలును. శరీరములో ఈస్ట్రోజెన్ తగ్గుట దానికి కారణము. అట్టి కుక్క మెలకువగా ఉన్నంతసేపు చక్కగానే ఉండును. నిద్రలో కారిపోవును. లేచి, తన పక్క తడిసియుండుట చూచి, అదేమో తెలియక నాకుచుండును.

ఆ తడి ఎవరి ఖాతాలోనిది? ఆపరేషను వద్దు అనుటకు గాని, సరే అనుటకు గాని కుక్కకు నోరు లేదు. ఇంటివారి సౌకర్యమునకు, దాని ఆరోగ్యమునకు కలిపి ఇంటివారే నిర్ణయించినారు. లాభము కొన్నేండ్లు అనుభవించినారు. ఇప్పుడు బాకీ గడువు వచ్చినది. కుక్క ముసలిదైనది, కంపు కొట్టుచున్నది అని ఊరిబయట వదలిరావలెనని చూచుట, సరుకు అమ్ముకొని డబ్బు పెట్టెలో వేసికొని, సొమ్ము చెల్లింపవలసిన దినమున దుకాణము మూసివేసినవాని వ్యవహారము. ఈ వ్యాధికి మందున్నది, చాల కుక్కలకు పని చేయును, పశువైద్యుడు చూచి ఇచ్చును. మందుతో పూర్తిగా ఆగనిచో ఉతుకుటకు వీలైన పక్క, క్రింద ఒక రబ్బరుగుడ్డ, ఒరిసి పుండు పడకుండ రోజు ఒడలు తుడుచుట, ఇంతే.

ఆపరేషనుతో పని లేకుండనే ముసలితనము అన్ని కుక్కలకును వచ్చును. కీళ్లనొప్పులచేత మెట్లు దిగలేక మేడమీదనే విడుచును. కొన్నింటికి మనుష్యులకువలెనే మతి తప్పును. తలుపు తెరచుకొను వైపు కాక బందులున్న వైపున ముక్కు పెట్టి నిలుచుండును. పండ్రెండేండ్లు ఆ తలుపునుండియే పోయివచ్చిన కుక్క అది. దానిని పింజరాపోలునకు పంపి విరాళము కట్టుదుమని కొందఱందురు. పింజరాపోలు జైనులు గర్వింపదగిన సంస్థయే. ఇంటిలో మంచము పట్టినవారుండి, చేయువారు లేక పంపుట వేరు. తివాచీ కొఱకు పంపుట వేరు. రెండింటికిని రసీదు ఒకే రంగులో వచ్చును, అంతే. సూదిమందుతో ప్రాణము తీయించుటకు కూడ మూత్రమే కారణముగా చెప్పు ఇండ్లున్నవి. తీరని బాధతో కొట్టుకొను జీవి విషయమున వైద్యులకును శ్రావకులకును భిన్నాభిప్రాయము ఉండవచ్చును గాని, పక్క తడుపుట బాధ పడుట కాదు. బాధ పడుచున్నది తుడుచువారు.

అట్టి ముసలికుక్క ఉన్న ఇంటిలో రాత్రి పదకొండింటికి ఒకమారు, తెల్లవారుజామున నాలుగింటికి ఒకమారు దానిని క్రిందికి దించినయెడల సగము తడి తగ్గును. పదకొండింటివఱకు దుకాణపు లెక్కలు చూచు కొడుకులు ఉందురు. నాలుగింటికి సామాయికమునకు లేచు పెద్దాయన ఉండును. 48 నిమిషములు కదలక కూర్చుండబోవునాయన, అంతకు ముందు ఒక పది నిమిషములు గొలుసు పట్టుకొని, అది మెట్టు మెట్టుకు ఆగుచుండ తానును ఆగుచు, వేపచెట్టు వఱకు పోయి రావచ్చును.